ఇరాన్: 1906 నుంచి 1989 దాకా మజ్లిస్‌కు కళ్లెం ఎక్కడెక్కడ పడింది?

శ్రీకర్_హన్మకొండ:
ఇరాన్ గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు చాలావరకు 1979లో మొదలై ఖొమేనీ దగ్గర ఆగిపోతాయి. అక్కడ పార్లమెంటు, అంటే మజ్లిస్, 1906లోనే కొలువుదీరింది. మన మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలకంటే పదమూడేళ్లు ముందు. అంత పాత ప్రజాసభ ఉన్న దేశంలో ఆ సభ చేతిలో అధికారం ఎందుకు నిలవలేదన్నది నా ప్రశ్న. "షా నియంత, తర్వాత మతపెద్దలు నియంతలు" అంటే నాకు సరిపోదు. ఏ అధికరణం, ఏ ఫర్మానా, ఏ ఒప్పందం ద్వారా జరిగిందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. ఇంకొకటి: పార్సీ (పర్షియన్) భాషా మూలాల్లో సంవత్సరాలు 1324, 1332, 2535 అని రకరకాలుగా కనిపిస్తున్నాయి. వీటిని మన లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలి?

రఫీ_పాతబస్తీ:
ముందు తేదీల సంగతి తేల్చేద్దాం. అక్కడ తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

1925 మార్చిలో మజ్లిస్ సౌరమాన హిజ్రీని అధికారిక క్యాలెండర్ చేసింది. ఆ సంవత్సరం నౌరోజ్‌తో, అంటే మార్చి 20 లేదా 21న మొదలవుతుంది. కాబట్టి నౌరోజ్ నుంచి డిసెంబరు 31 దాకా 621 కలపాలి. జనవరి 1 నుంచి మళ్లీ నౌరోజ్ వచ్చేదాకా 622 కలపాలి. 28 మొర్దాద్ 1332 అంటే 1953 ఆగస్టు 19. 22 బహ్మన్ 1357 అంటే 1979 ఫిబ్రవరి 11. బహ్మన్, ఎస్ఫంద్ నెలలకు ఎప్పుడూ 622. దై నెల ఒక్కటే రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది: మొదటి పది రోజులకు 621, ఆ తర్వాత 622.

ఎక్కువమంది బోల్తాపడేది 1324 దగ్గర. రాజ్యాంగాన్ని అనుగ్రహించిన ఫర్మానా మీద ఉన్న తేదీ 14 జమాదిఉస్సానీ 1324. అది చాంద్రమానం, అంటే 1906 ఆగస్టు 5. దాన్ని సౌరమానం అనుకుని 621 కలిపితే 1945 వస్తుంది, కథ మొత్తం తలకిందులవుతుంది. సంవత్సరం చూడకండి, నెల పేరు చూడండి. రజబ్, షాబాన్ లాంటివైతే చాంద్రం. ఫర్వర్దీన్, మొర్దాద్ లాంటివైతే సౌరం.

2535 చివరి షా మొహమ్మద్ రెజా పెట్టిన లెక్క. 1976లో హిజ్రీని పక్కనపెట్టి సైరస్ చక్రవర్తి కాలం నుంచి లెక్కించమన్నాడు. అందులోంచి 1180 తీసేస్తే 1355 వస్తుంది. జనం కోపం కట్టలు తెగాక 1978 ఆగస్టు చివర్లో షరీఫ్ ఇమామీ ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. కాబట్టి ఆ రెండున్నరేళ్ల కాగితాల్లోనే ఈ అంకె కనిపిస్తుంది.

నిర్మల_కె:
శ్రీకర్ గారూ, మీ అసలు ప్రశ్నకు జవాబు 1907లోనే ఉందని నా నమ్మకం.

1905 డిసెంబరులో చక్కెర ధర పెంచారన్న నెపంతో టెహ్రాన్ గవర్నరు వర్తకుల్ని పట్టించి అరికాళ్ల మీద కొట్టించాడు. బజారు మూతపడింది. 1906 జులై, ఆగస్టుల్లో టెహ్రాన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయం తోటలో 12 వేలకు పైగా జనం శరణు కూర్చున్నారు. ఊరికే గుమిగూడిన మూక కాదది. వృత్తి సంఘాలవాళ్లు ఎవరి డేరాలు వాళ్లు వేసుకున్నారు. పెద్ద పెద్ద డేగిసాల్లో వంటలు వండి పెట్టారు, ఖర్చు వర్తకులు భరించారు. ముజఫరుద్దీన్ షా దిగొచ్చి ఫర్మానా ఇచ్చాడు. డిసెంబరు 30న రాజ్యాంగం మీద సంతకం పెట్టి, నాలుగు రోజులకే కన్నుమూశాడు.

మొదటి మజ్లిస్ అందరి ఓట్లతో వచ్చింది కాదు. 156 స్థానాల్లో 60 టెహ్రాన్‌వే. ఆ 60లో 32 వృత్తి సంఘాలకు, 10 వర్తకులకు, 10 భూస్వాములకు, నాలుగేసి మతపండితులకు, రాజవంశానికి. స్త్రీలకు ఓటు లేదు. అయినా రాజధాని స్థానాల్లో సగానికి పైగా చేతివృత్తులవాళ్లకు దక్కిన సభ ఆ రోజుల్లో ఆసియాలో మరెక్కడుంది?

తొందరలో రాసిన 1906 రాజ్యాంగంలో హక్కుల మాట పెద్దగా లేదు. అందుకని బెల్జియం రాజ్యాంగాన్ని నమూనాగా పెట్టుకుని 1907 అక్టోబరులో అనుబంధ చట్టం చేశారు. కళ్లేలు పడింది ఇందులోనే. మతపండితుడు షేక్ ఫజలుల్లా నూరీ పట్టుబట్టడంతో రెండో అధికరణం వచ్చింది: మతపండితులు 20 మంది ముజ్తహిద్‌ల (మతచట్టానికి భాష్యం చెప్పగల పెద్ద పండితుల) పేర్లిస్తే మజ్లిస్ కనీసం ఐదుగురిని ఎంచుకోవాలి. షరియత్‌కు విరుద్ధమని వాళ్లు అన్న ఏ బిల్లూ చట్టం కాదు. షియాలు ఎదురుచూసే పన్నెండో ఇమాం ప్రత్యక్షమయ్యేదాకా ఈ అధికరణాన్ని మార్చకూడదని అందులోనే రాశారు. రెండో మజ్లిస్‌లో సయ్యద్ హసన్ మొదర్రెస్ లాంటివాళ్లు ఈ దారినే వచ్చారు గానీ, ఆ తర్వాత దశాబ్దాలపాటు ఈ అధికరణం కాగితానికే పరిమితమైంది. 1979లో గార్డియన్ కౌన్సిల్ అని పేరు మార్చుకుని, పళ్లు పెట్టుకుని తిరిగొచ్చింది దీని సంతానమే.

ఇక 46వ అధికరణం: మంత్రుల నియామకం, తొలగింపు రాజు ఫర్మానా ద్వారా జరుగుతాయి. 44, 67 ఏమో మంత్రులు సభకు జవాబుదారీ అనీ, సభ అసంతృప్తి ప్రకటిస్తే దిగిపోవాలనీ అంటాయి. ఈ మూడింటి మధ్య ఉన్న సందులోంచే, ప్రధాని మొసద్దెఖ్‌ను కూల్చిన 1953 కుట్ర దూరింది.

రఫీ_పాతబస్తీ:
నిర్మల గారు చెప్పినదానికి మన దేశం వైపు నుంచి ఒక ముక్క. ఆ ఉద్యమానికి ఊపిరిపోసిన పార్సీ పత్రికల్లో ఒకటి హబ్లుల్ మతీన్. 1893 నుంచి అచ్చయింది కలకత్తాలో. ఇరాన్ లోపల అచ్చువేయలేని మాటలు ఇక్కడి నుంచి చేరేవి.

1908 జూన్ 23న కొత్త షా మొహమ్మద్ అలీ, రష్యన్ కర్నల్ ల్యాఖోవ్ నడిపే కజాక్ దళంతో మజ్లిస్ భవనం మీద ఫిరంగులు పేల్చాడు. తబ్రీజ్ మాత్రం లొంగలేదు. సత్తార్ ఖాన్, బాఖర్ ఖాన్ నాయకత్వంలో నెలల తరబడి ముట్టడిని తట్టుకుంది. 1909 జులైలో గీలాన్ సేనలు, బఖ్తియారీ తెగవాళ్లు రెండు దిక్కుల నుంచి టెహ్రాన్ చేరి షాను దించేశారు. అదే నెలాఖరున నూరీని ఉరితీశారు. ఇస్లామిక్ రిపబ్లిక్ ఆయన్ని అమరుడంటుంది, టెహ్రాన్‌లో ఒక పెద్ద రహదారికి ఆయన పేరే పెట్టింది.

చమురుబావి:
రాజ్యాంగం ఎంత చక్కగా రాసుకున్నా ఖజానా తాళం పరాయివాడి దగ్గరుంటే సభ ఏం చేయగలదు? ఆ కోణం కూడా చూడాలి. 1911లో ఖజానాను గాడిలో పెట్టడానికి మజ్లిస్ అమెరికన్ మోర్గన్ షూస్టర్‌ను పెట్టుకుంటే, రష్యా తాఖీదు పంపి ఆయన్ని వెళ్లగొట్టించింది. డిసెంబరులో మజ్లిస్ తలుపులే మూయించారు. 1907లోనే బ్రిటన్, రష్యా దేశాన్ని పలుకుబడి మండలాలుగా పంచుకున్నాయి, ఇరాన్‌ను ఒక్క మాటైనా అడగకుండా.

చమురు లెక్క ఇది. 1901 మే 28న బ్రిటిష్ వ్యాపారి డార్సీకి ఇచ్చిన హక్కు 60 ఏళ్లకు. ఉత్తరాన ఐదు రాష్ట్రాలు మినహా దేశమంతా. బదులుగా 20 వేల పౌన్ల నగదు, అంతే విలువైన షేర్లు, నికర లాభంలో 16 శాతం. తిరకాసంతా ఆ "నికర లాభం" దగ్గరే. లాభం ఎంతో తేల్చేది ఆ హక్కు మీద నడిచిన కంపెనీ (తర్వాత ఆంగ్లో-ఇరానియన్). అనుబంధ కంపెనీల లాభం కలపాలా వద్దా అన్నది తెగని తగాదా. 1908లో మస్జిదె సులేమాన్‌లో చమురు పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం 51 శాతం వాటా కొని, తన నౌకాదళానికి చవగ్గా చమురు రాయించుకుంది. ధర ఎంత తక్కువైతే లాభం అంత తక్కువ, 16 శాతం కూడా అంత తక్కువ. అంటే కొనేవాడూ అమ్మేవాడూ లెక్కరాసేవాడూ ఒక్కడే.

చివరి షా తండ్రి రెజా షా 1932లో ఆ ఒప్పందాన్ని చించేస్తానని గర్జించి, 1933లో కొత్తదాని మీద సంతకం పెట్టాడు. టన్నుకు 4 షిల్లింగులు, ఒక మొత్తం దాటిన డివిడెండ్‌లో 20 శాతం. బదులుగా 1961లో తీరిపోవాల్సిన గడువు 1993 దాకా పెరిగింది! ఇరాన్ ప్రజలకు జరిగిన అన్యాయాల్లో నాకు ఇది చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆనాటి మజ్లిస్ రెజా షా ఏరికూర్చిన సభ, నోరెత్తే దిక్కు లేదు.

1950 డిసెంబరులో పొరుగున సౌదీకి అరామ్కో సగం-సగం ఇచ్చింది. ఆంగ్లో-ఇరానియన్ కంపెనీ మాత్రం పాత బేరాన్నే సాగదీసింది. ఫలితంగా 1951 మార్చి 15న మజ్లిస్, 20న సెనేట్ జాతీయీకరణను ఆమోదించాయి. చాలామంది వదిలేసే సంగతి: అమలు చట్టంలో కంపెనీ నష్టపరిహారం కోసం ఆదాయంలో 25 శాతం దాకా పక్కన పెడతామని ఉంది. దోపిడీ అన్న ప్రచారానికి ఇదే జవాబు.

వేణు_విశాఖ:
చమురు జాతీయీకరణ నడిపిన ప్రధాని మొసద్దెఖ్ మీద గౌరవం ఉంచుకునే ఒక మాట అడుగుతాను. 1953లో మజ్లిస్‌ను కూల్చింది ఎవరు? 1952 ఎన్నికల్లో 136 స్థానాలకు గాను 80 దాకా నిండగానే ఆయన ఎన్నికలు ఆపించాడు. ఆగస్టులో ఆర్నెల్లపాటు చట్టాలు చేసే ప్రత్యేకాధికారం తీసుకున్నాడు. 1953 జనవరిలో దాన్ని ఇంకో ఏడాది పొడిగించుకున్నాడు. ఆఖరికి 1953 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి సభనే రద్దుచేశాడు. అవునన్నవాళ్లకు ఒక చోట, కాదన్నవాళ్లకు ఇంకో చోట పెట్టెలు పెట్టారు. రహస్య ఓటు ఎక్కడుంది? 99 శాతం పైగా "అవును" రావడంలో వింతేముంది? సభ లేదు కాబట్టే షా 46వ అధికరణం పట్టుకుని తొలగింపు ఫర్మానా రాయగలిగాడు. సీఐఏ పాత్ర నిజమే. 2013లో బయటపెట్టిన కాగితాల్లో వాళ్లే ఒప్పుకున్నారు. కానీ తలుపు గడియ లోపలి నుంచే తీశారు.

నిర్మల_కె:
వేణు గారూ, మీరు చెప్పిన ఘటనలన్నీ నిజమే. వాటి వరుసలో ఒక మెట్టు దాటేశారు. 1949 ఫిబ్రవరిలో టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో షా మొహమ్మద్ రెజా మీద హత్యాయత్నం జరిగింది. ఆ వేడిలోనే సైనిక చట్టం నీడలో రాజ్యాంగ సభను పిలిచి 48వ అధికరణం మార్పించుకున్నాడు. అప్పటిదాకా లేని హక్కు, ఉభయసభలను రద్దుచేసే హక్కు, రాజుకు దక్కింది. 1906 నుంచి రాతలోనే ఉన్న సెనేట్‌ను కూడా అప్పుడే కూర్చోబెట్టారు: 60 మందిలో సగం షా నియమించినవాళ్లు. ఆట నియమాలు మార్చింది ముందు షా. పైగా 1952 ఎన్నికల్లో పల్లెల ఓట్లు భూస్వాములు, సైనికాధికారుల చేతుల్లో ఉన్నాయి. పట్టణాల ఫలితాలు రాగానే మొసద్దెఖ్ ఆపింది అందుకే. అది సరైన పని అని నేననను, రెండు పెట్టెల పద్ధతి తప్పే. కానీ సభ లేనప్పుడు ప్రధానిని తొలగించవచ్చని 46వ అధికరణంలో ఎక్కడా లేదు. రాజు సంతకం మంత్రి జవాబుదారీతో కలిసే నడవాలన్నది 44 సారాంశం. అదీగాక సంతకం చేసిన ఫర్మానాను అర్ధరాత్రి కవచ వాహనాలతో ఎవరు పంపుతారు?

ఆ రాత్రి ఆగస్టు 15. కర్నల్ నసీరీ ఫర్మానా పట్టుకెళ్లి తనే అరెస్టయ్యాడు. షా బాగ్దాద్‌కు, అక్కడి నుంచి రోమ్‌కు పారిపోయాడు. కుట్ర విఫలమైందనే అందరూ అనుకున్నారు. 19న డబ్బిచ్చి దింపిన మూకలు, మజ్లిస్ రాజకీయాల్లో మొసద్దెఖ్‌కు దూరమైన వర్గాలు, షా ప్రధానిగా ఎంచిన జనరల్ జాహెదీ వైపు తిరిగిన ట్యాంకులు ఒక్కటయ్యాయి. కాషానీ, బఖాయీ, మక్కీ లాంటి పాత సహచరులు అప్పటికే విడిపోయారు. కమ్యూనిస్టు తూదే పార్టీ వీధుల్లోకి రాలేదు. బయటివాళ్లు ఒక్కరే చేయలేకపోయేవారు, లోపలివాళ్లు ఒక్కరే సాహసించేవారు కాదు. మొసద్దెఖ్‌కు మూడేళ్ల జైలు, ఆ తర్వాత 1967 మార్చిలో చనిపోయేదాకా అహ్మదాబాద్ అనే పల్లెలో గృహనిర్బంధం.

చమురుబావి:
1954 కన్సార్టియం వాటాలు కూడా ఇక్కడే ఉండనివ్వండి: బీపీ (ఆంగ్లో-ఇరానియన్ కంపెనీకే కొత్త పేరు) 40 శాతం, అమెరికన్ కంపెనీలన్నీ కలిపి 40, షెల్ 14, ఫ్రెంచి కంపెనీ 6. లాభం ఇరాన్‌తో సగం-సగం. పైగా ఇరాన్ బీపీకి పదేళ్లలో రెండున్నర కోట్ల పౌన్లు పరిహారం కట్టాలి. షాకు రాజకీయంగా కలిసొచ్చింది ఆ తర్వాతే. ఖజానాకు డబ్బు పన్నుల ద్వారా కాక చమురు ద్వారా వస్తుంటే జనాన్నీ సభనూ అడగాల్సిన పనేముంది? 1973 చివర్లో ధర నాలుగింతలయ్యాక ఆ అవసరం పూర్తిగా పోయింది. 1975లో ఉన్న పార్టీల్ని ఎత్తేసి రస్తాఖీజ్ ఒక్కటే పార్టీ అన్నాడు.

మాధవి_టి:
స్త్రీల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఓటు హక్కు 1963లో వచ్చింది. 1967 కుటుంబ పరిరక్షణ చట్టం నోటిమాటతో తలాక్ చెల్లకుండా చేసి కోర్టుకు పంపింది. 1975 సవరణ అమ్మాయిల పెళ్లి వయసు 18కి పెంచింది. ఇవన్నీ సభలో పోరాడి గెలిచిన చట్టాలుగా కాక షా దయగా ప్రచారమయ్యాయి. అందుకే షా పోగానే వాటికి కాపుకాసేవాళ్లు కరువయ్యారు. విప్లవం గెలిచిన రెండు వారాలకే ఆ చట్టాన్ని పక్కనపెడుతున్నట్టు ప్రకటించారు. ఉద్యోగినులు హిజాబ్ వేసుకోవాలన్న ఖొమేనీ మాట రాగానే 1979 మార్చి 8న వేలమంది స్త్రీలు టెహ్రాన్ వీధుల్లోకి వచ్చారు. 2022లో "జన్, జిందగీ, ఆజాదీ" అన్న అమ్మాయిలకు ముందు నడిచినవాళ్లు వీళ్లు. దేశపు మొదటి మహిళా మంత్రి ఫర్రుఖ్‌రూ పార్సాను 1980 మేలో చంపేశారు. ఈ వరస చెప్పకుండా విప్లవాన్ని అంచనా వేయడం నాకు అన్యాయమనిపిస్తుంది.

శ్రీకర్_హన్మకొండ:
మాధవి గారూ, ధన్యవాదాలు. మరి షా రహస్య పోలీసు సావాక్ లాంటి నిఘా ఉండగా, పార్టీలు లేని దేశంలో 1978లో అంతమందిని కూడగట్టింది ఏ యంత్రాంగం?

రఫీ_పాతబస్తీ:
చెహల్లుం. మన పాతబస్తీలో మొహర్రం తర్వాత నలభయ్యో రోజు చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. 1978 జనవరి 7న ఎత్తెలాఆత్ పత్రికలో ఖొమేనీని కించపరిచే వ్యాసం వచ్చింది. 9న మతవిద్యా కేంద్రమైన ఖొమ్ నగరంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. నలభయ్యో రోజు ఫిబ్రవరి 18. ఆ సంతాపం తబ్రీజ్‌లో తిరుగుబాటయింది, మళ్లీ చావులు. ఇంకో నలభై రోజులకు మార్చి 30 ప్రాంతంలో యజ్ద్, ఆపైన మే. సంతాప సభను నిషేధించడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. ప్రతి కాల్పూ నలభై రోజుల తర్వాతి సభకు తేదీ రాసిచ్చేది. మసీదులు, ఉపన్యాసాల క్యాసెట్లు, బజారు చందాలు దానికి తోడయ్యాయి. ఆగస్టు 19న అబాదాన్ రెక్స్ సినిమాహాలు మంటలు, సెప్టెంబరు 8న జాలే కూడలి కాల్పులు అయ్యాక రాజీ మాట వినేవాళ్లు లేరు.

చమురుబావి:
ప్రాణం తీసింది మాత్రం చమురు కార్మికుల సమ్మె. రోజుకు 50 లక్షల బ్యారెళ్లు దాటే ఉత్పత్తి అక్టోబరు నుంచి పడిపోతూ, డిసెంబరు చివరికి ఎగుమతి ఆగిపోయింది. చలికాలంలో ఇళ్లకు కిరోసిన్ కావాలి కదా. దేశ అవసరానికి సరిపడా మాత్రమే తీయించడానికి ఖొమేనీ ప్రతిపక్ష నేత బాజర్గాన్‌ను దక్షిణానికి పంపాడు. ప్రభుత్వం ఇంకా షా పేరు మీదే ఉంది. చమురు ఎంత తీయాలో చెబుతున్నది ప్రతిపక్షం. అధికారం చేతులు మారింది అక్కడే అంటాను.

వేణు_విశాఖ:
1979 రాజ్యాంగం దగ్గరికి వద్దాం. జూన్‌లో ప్రచురించిన మొదటి ముసాయిదాలో వెలాయతె ఫఖీ, అంటే మతపండితుడి పాలన, లేనే లేదు. బలమైన అధ్యక్షుడున్న ఫ్రెంచి తరహా గణతంత్రం అది. ఖొమేనీ దాన్ని పెద్దగా మార్చకుండానే ఒప్పుకున్నాడు కూడా. వందలమందితో రాజ్యాంగ పరిషత్తు కావాలని లౌకికవాదులు, ఉదారవాదులు పట్టుబట్టారు. చివరికి రాజ్యాంగం ఖరారుచేయడానికి 73 మంది నిపుణుల సభ వచ్చింది (లీడర్‌ను ఎన్నుకునే నిపుణుల సభ వేరు). అందులో మతపండితులదే మెజారిటీ, ముసాయిదా పక్కకెళ్లింది. మతపండితులు మొంతజెరీ, బెహెష్తీ ముందుండి వెలాయతె ఫఖీని చేర్చే ఐదో అధికరణం తెచ్చారు. నవంబరు 4న అమెరికా రాయబార కార్యాలయాన్ని పట్టుకోవడం, అప్పటి ప్రధాని బాజర్గాన్ రాజీనామా, ఆ ఊపులోనే డిసెంబరు 2, 3 తేదీల్లో రాజ్యాంగం మీద ఓటింగ్. ఆ వేడిలో అధికరణాలు ఎవరు చదివారు?

నిర్మల_కె:
ఇప్పుడు యంత్రం ఎలా తిరుగుతుందో చూడండి. గార్డియన్ కౌన్సిల్‌లో 12 మంది. ఆరుగురు పండితులను లీడర్ (దేశ సర్వోన్నత మతనేత) నియమిస్తాడు. మిగతా ఆరుగురు న్యాయవాదులను న్యాయశాఖాధిపతి సూచిస్తే మజ్లిస్ ఎన్నుకుంటుంది. ఆ న్యాయశాఖాధిపతిని నియమించేదీ లీడరే. లీడర్‌ను ఎన్నుకునే నిపుణుల సభకు ప్రజలు ఓటేస్తారు, కానీ ఆ అభ్యర్థులను వడపోసేది మళ్లీ గార్డియన్ కౌన్సిల్. గొలుసు ఎక్కడ మొదలైందో అక్కడికే చేరింది.

99వ అధికరణం ఎన్నికల "పర్యవేక్షణ" అని మాత్రమే అంటుంది. అభ్యర్థుల్ని ఆమోదించే, తిరస్కరించే అధికారం కూడా అందులో భాగమేనని 1991లో కౌన్సిల్ తనకు తానే భాష్యం చెప్పుకుంది. ఫలితం: 1997లో అధ్యక్ష పదవికి 238 మంది పేర్లిస్తే నలుగురు మిగిలారు. 2021లో 592 మందికి ఏడుగురు, 2024లో 80 మందికి ఆరుగురు. అయినా 1997లో ఆ నలుగురిలోంచే జనం సంస్కరణవాది ఖాతమీని రెండు కోట్ల ఓట్లతో గెలిపించారు. సందు ఇంత దొరికినా వాడుకున్న జనం వాళ్లు. ఆ తర్వాత సందులు పూడ్చారు: 2021లో ఓటేసినవాళ్లు 49 శాతానికి లోపే.

మాధవి_టి:
115వ అధికరణంలో అధ్యక్షుడు "రెజాల్" లోంచి రావాలని ఉంది. మగవాళ్లనా, ప్రముఖులనా అన్నది తేల్చాలని ఆజమ్ తాలెఖానీ 1997లో నామినేషన్ వేశారు. తిరస్కరించారు, కానీ స్త్రీ కాబట్టే అని కాగితం మీద రాయలేదు.

శ్రీకర్_హన్మకొండ:
1989 మార్పుల గురించి కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి. ప్రజలు కోరుకుంటే రాజ్యాంగాన్ని మార్చే దారి ఏదైనా ఉందా?

వేణు_విశాఖ:
1989 మార్చిలో ఖొమేనీకి వారసుడిగా ఎంచుకున్న మొంతజెరీని తప్పించారు. అంతకుముందు ఏడాది జైళ్లలో జరిగిన సామూహిక మరణశిక్షలను ఎదిరించినందుకు. పాత రాజ్యాంగం ప్రకారం లీడర్ మర్జా (షియాలు అనుసరించే అత్యున్నత మతపండితుడు) స్థాయి పండితుడై ఉండాలి, ఆ స్థాయిలో నమ్మకస్తుడు దొరకలేదు. జూన్ 3న ఖొమేనీ మరణం. 4న ఖామెనీ ఎన్నిక. అప్పటికి మర్జా నిబంధన ఇంకా అమల్లోనే ఉంది. దాన్ని తీసేసిన సవరణకు ఓటింగ్ జులై 28న జరిగింది. ఆ ఎన్నిక తాత్కాలికమని సభలో అనుకున్న దృశ్యాలు 2018లో బయటికొచ్చాయి. అదే సవరణలో ప్రధానమంత్రి పదవి పోయింది, 57వ అధికరణంలో లీడర్ అధికారానికి "సంపూర్ణ" అన్న మాట చేరింది.

నిర్మల_కె:
దారి గురించి. రెండు అధికరణాలు కలిపి చదవాలి. 59 ప్రకారం ముఖ్యమైన విషయాల మీద ప్రజాభిప్రాయం కోరవచ్చు, కానీ మజ్లిస్‌లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. రాజ్యాంగ సవరణకు 177. అందులో మొదటి అడుగు లీడర్‌దే: ఎక్స్‌పీడియెన్సీ కౌన్సిల్‌ను (లీడర్ నియమించే సలహా మండలిని) సంప్రదించి, ఏ అధికరణం మార్చాలో అధ్యక్షుడికి రాసి పంపాలి. తర్వాత సవరణ మండలి, ఆ తీర్మానాలకు లీడర్ ఆమోదం, ఆపైన జనం ఓటు. మజ్లిస్ తనంతట తాను మొదలుపెట్టలేదు. ఇస్లామిక్ స్వభావం, లీడర్ వ్యవస్థ, గణతంత్ర రూపం మార్చరానివని కూడా 177లోనే ఉంది.

మీ దగ్గరున్న ప్రతి ఏదో చూసుకోండి. మొత్తం 175 అధికరణాలుంటే అది 1979 నాటిది, అందులో ఈ దారి వెతికినా దొరకదు. 1989 తర్వాతి ప్రతిలో 177 ఉంటాయి.

శ్రీకర్_హన్మకొండ:
నాది 175ది. కొత్త ప్రతి తెచ్చుకుని 107 నుంచి 112 దాకా రెండూ పక్కపక్కన పెట్టి చదువుతాను. రెండింట్లో తేడాలు ఇదే చర్చలో పెడతాను, తప్పులుంటే దిద్దండి.